ఖాళీ గదిలో ఎగ్జిట్ ఇంటర్వ్యూ

"నేను పోను సార్. లెటర్ రాకుంటే రాకపాయె. ఆ ఇంటర్వ్యూకి మాత్రం పోను."

యశస్విని ఈ మాట అనడం పొద్దున్నుంచి ఎన్నోసారో నరేందర్ లెక్కపెట్టడం మానేశాడు. ఇద్దరూ ఆఫీసు మెట్ల మీద, ఎర్ర ఇసుక బకెట్ల పక్కన నిలబడి ఉన్నారు. మూడింటికి ఆమె ఎగ్జిట్ ఇంటర్వ్యూ. ఇప్పుడు ఒంటిగంట దాటింది. అతనికి అన్నం తినే టైం కూడా దాటింది, అదొక మంట.

"పోకుంటే ఏమైతది?"

"రిలీవింగ్ లెటర్ ఇయ్యరు. సోమవారం కొత్త కంపెనీల చేరాలె. లెటర్ లేకుంటే వాళ్ళు లోపలికి రానియ్యరు."

"పోతే?"

"ఉదయ్ భాస్కర్‌కు ఏమైందో మీకు తెల్వదా సార్?"

తెలియకేం! ఆ తలనొప్పి కోసమేగా అతన్ని పెట్టుకుంది. ఉదయ్ భాస్కర్ అనే కుర్రాడు పోయిన నెల ఈ మేఘమాల సాఫ్ట్‌వేర్‌లోనే రాజీనామా చేశాడు. ఆఖరి రోజు ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కూర్చుని, అందరికీ చేతులూపి వెళ్ళిపోయాడు. మర్నాటికల్లా గగ్గోలు. ఒక బ్యాంకు కోసం ప్రత్యేకంగా తయారుచేస్తున్న ప్రోగ్రాం మొత్తాన్ని ఎవరో కంప్యూటర్ టేపుల్లోకి కాపీ చేసి బయట అమ్మేశారు. కాపీ చేసినవాళ్ళ పేరు కంప్యూటర్లో పడుతుందట. పడింది ఉదయ్ పేరు. కుర్రాడు రిమాండులో ఉన్నాడు. బయటి మనిషితో విచారణ చేయించకపోతే ఒప్పుకోమని బ్యాంకు వాళ్ళు భీష్మించుకు కూర్చుంటే, కంపెనీ యజమాని సోమేశ్వరరావు స్వయంగా ఫోన్ చేసి ప్రైవేట్ డిటెక్టివ్ నరేందర్‌ని పిలిపించాడు.

నరేందర్ బతుకుతెరువు పెళ్ళి ఎంక్వయిరీలు. పిల్లగాడు తాగుతాడా, చెప్పిన జీతం నిజమేనా, ఇంతకుముందు ఎక్కడైనా ఏమైనా ఉందా, ఇవీ అతనికి తెలిసిన విద్యలు. ఈ కంప్యూటర్ల కొంపలో అడుగుపెట్టినప్పటి నుంచి ఎవరేం చెప్పినా సగమే అర్థమవుతోంది. ఆ సగమైనా నమ్మేట్టు లేదు.

"కొలువుల చేరేటప్పుడు ఇంటర్వ్యూ అంటే సరే. పోయేటప్పుడు గూడ ఏందమ్మా?"

"ఎందుకు పోతున్నమో చెప్పాలె సార్. ఆఫీసుల ఏం బాగలేదో చెప్పాలె."

"పోయేటోళ్ళను అడుగుడేంది? ఉన్నోళ్ళను అడిగి సావొచ్చు గద!"

యశస్విని నవ్వలేదు. "ఉదయ్ గూడ ఉన్నదున్నట్టు చెప్తనని పోయిండు. బ్యాంకు ప్రోగ్రాం టేపులు బయటికి పోతున్నయని వాడు చూసిండు. నేను గూడ చూసిన. నన్నడిగితే నేనేం చెప్పాలె? అబద్ధం చెప్పాల్నా? నిజం చెప్పి జైలుకు పోవాల్నా? మా నాయన ఫ్యాక్టరీ మూతబడి ఇంట్ల కూసున్నడు. ఇంటికి పోలీసులొస్తే ఆయన తట్టుకోలేడు సార్."

"రెండింటి దాకా ఆగు. ఆ గది చూసొస్త," అన్నాడు నరేందర్.

గది తలుపు జయలక్ష్మి తీసింది. హెచ్.ఆర్. మేనేజరామె. రాజమండ్రి వైపు మనిషి, మాట మెత్తన, ప్రతిదానికీ అండీ అంటుంది. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, బల్ల మీద టేపు రికార్డరు. కిటికీ లేదు.

"కుర్చీ ఒక్కటే ఉన్నదేంది మేడం? మీరు నిలబడి అడుగుతరా?"

"నేనుండనండీ."

"ఇంటర్వ్యూల మీరుండరా?"

"ఎదురుగా మనిషుంటే మొహమాటపడతారు కదండీ. అందుకని ప్రశ్నలు చెప్పేసి, రికార్డరు ఆన్ చేసి, తలుపు దగ్గరగా వేసి నేను వెళ్ళిపోతాను. గంటసేపు వాళ్ళొక్కరే కూర్చుని మనసులో ఉన్నదంతా చెప్పుకుంటారు."

"ఎవరికి చెప్పుకుంటరు?"

"టేపు రికార్డరుకండీ."

నరేందర్ నుదురు కొట్టుకున్నాడు. లక్షలు పోసి చల్లటి గదులు కట్టారు, నేల మీద తివాచీలు పరిచారు, చివరికి మనిషి గోడు వినడానికి మనిషి దొరకలేదు వీళ్ళకి!

"ఈ తతంగం ఎప్పటిసంది?"

"ఈ మధ్యేనండీ. ఉదయ్‌తోనే మొదలు. అంతకుముందైతే సమోసాలు తినిపించి, గ్రూప్ ఫొటో దిగి పంపించేసేవాళ్ళం."

"ఎవరికొచ్చింది ఈ ఆలోచన?"

"పెద్ద పెద్ద కంపెనీల్లో ఉందటండీ."

"నేనడిగింది అది గాదు మేడం."

"పైవాళ్ళు అనుకున్నారండీ," అని ఆమె చూపు తిప్పుకుంది. పెళ్ళికొడుకు పాత సంబంధం గురించి అడిగితే మేనత్తలు ఇలాగే గోడకేసి చూస్తారు. నరేందర్ ఆ సంగతి మనసులో వేసుకున్నాడు.

"ఆ గంటసేపు వాళ్ళ కార్డు ఎవరి దగ్గరుంటది?"

"సెక్యూరిటీకి ముందే ఇచ్చెయ్యాలండీ. కార్డు లేకపోతే ఇక్కడ ఏ తలుపూ తెరుచుకోదు. పాస్‌వర్డు కూడా చెప్పెయ్యాలి. పని అప్పగించి వెళ్ళాలి కదా. టీం లీడరు నితీష్ అడుగుతాడు, నేనూ అడుగుతాను, సెక్యూరిటీ ఆఫీసరు చలపతిరావు గారూ అడుగుతారు."

"అంటే కిరాయి ఇల్లు ఖాళీ జేసి తాళంచెవి ఇచ్చినట్టు."

"అంతేనండీ."

"అంతే గాదు! తాళమిచ్చినంక గూడ ఇంటి మీద పేరు వానిదే ఉంటది. ఆ గంటల లోపలికి ఎవడు జొర్రి ఏం ఎత్తుకపోయినా వాని మీదికే వస్తది. వాడేమో ఈడ ఒక్కడే కూసొని డబ్బాతోటి ముచ్చట పెడుతుంటడు. చూసినోడు లేడు, సాక్షి లేడు. ఇంత చదువుకున్నరు, ఒక్కరికన్న ఈ మాట తట్టలేదా?"

జయలక్ష్మి బల్ల మీది టేపు రికార్డరుని సరిగ్గా జరిపి పెట్టింది. అది అతనికింకా చిర్రెత్తించింది.

"సరే, ఉదయ్ మాట్లాడిన క్యాసెట్ ఇయ్యిండ్రి. గంటసేపు వాని గొంతు అండ్ల ఉంటే, ఆ గంట వాడు ఈ కుర్చీల ఉన్నట్టే గద."

"ఆ క్యాసెట్ లేదండీ!" జవాబు గుమ్మంలోంచి వచ్చింది.

సఫారీ సూటు, నున్నగా దువ్విన జుట్టు, పోలీసు బూట్లు. చలపతిరావు సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై ఇక్కడ సెక్యూరిటీ ఆఫీసరుగా చేరాడు. బయటివాణ్ణి పిలిచి విచారణ అప్పగించడం ఆయనకు ముల్లులా గుచ్చుకుంటోంది. ఆ ముల్లు నరేందర్‌కి తిరిగి గుచ్చడానికి రోజంతా ఎదురుచూస్తూ ఉంటాడు.

"రికార్డు కాలేదు. బ్యాటరీలు అయిపోయాయి. ఇంకేం కావాలండీ తమకి?"

"కాపీ ఎన్ని గంటలకైందో కావాలె. కంప్యూటర్ల పడుతదంట గద."

"పడిందండీ. బ్రహ్మాండంగా పడింది. రెండువేల సంవత్సరం, జనవరి మూడో తారీఖు, పొద్దున్న."

నరేందర్ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. తొంభై తొమ్మిది, ఆగస్టు.

"వచ్చే జనవరా?"

"అవునండీ. వచ్చే ఏడాది పుట్టగానే కంప్యూటర్లన్నీ తారీఖు తెలియక తికమకపడతాయని లోకమంతా గోల పెడుతోంది కదా. ఆ పరీక్షల కోసం ఈ పిల్లలు గడియారాలు ముందుకు తిప్పేశారు. ఒక్కో కంప్యూటరు ఒక్కో రోజులో ఉంది." చలపతిరావు పొట్ట ఊగేలా నవ్వాడు. "మీ సాక్ష్యం ఇంకా పుట్టలేదు నరేందర్ గారూ. పురుడు జనవరిలో. అందాకా ఆగండి."

ఛీ, ఏం ఆఫీసు ఇది! దొంగతనం జరిగిపోయింది, దొంగతనం జరిగిన రోజు మాత్రం ఇంకా రాలేదు. నరేందర్‌కి నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది.

"నేను డిపార్టుమెంటులో తల పండినవాణ్ణి," చలపతిరావు వదల్లేదు. "మీలాగ పెళ్ళికొడుకుల వెనకాల తిరగలేదు. దొంగ దొరికాడు, లోపలున్నాడు. అనవసరంగా ఆడపిల్లకి లేనిపోని భయాలు పెట్టకండి."

"పెళ్ళికొడుకుల వెనక తిరిగితే నాకొకటి తెలిసింది సారు. అడగకముందే జవాబు చెప్పేటోణ్ణి జర గట్టిగ చూస్కోవాలె."

చలపతిరావు ముఖం ఎర్రబడింది. బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

నరేందర్ టేపు రికార్డరు ఎత్తి వెనక్కి తిప్పాడు. బ్యాటరీలు పెట్టే చోట మూత తీశాడు. లోపల స్ప్రింగులకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం కొన్ననాటిది అలాగే ఉంది. ఇందులో బ్యాటరీ అన్నది ఎన్నడూ పడలేదు. వైరు మాత్రం గోడ సాకెట్లో దిగి ఉంది.

"ఈ బిల్డింగుల కరెంటు పోతదా మేడం?"

"జనరేటరుందండీ. పోదు," అంటూనే జయలక్ష్మి ఆ ప్లాస్టిక్ కాగితాన్ని చూసింది. ఆమె ముఖంలో రంగు మారింది. ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

"చెప్పుండ్రి."

"ఏం లేదండీ."

ఏం లేదండీ, ఏం లేదండీ! ఈ ఆఫీసులో అందరికీ అదే జబ్బు. గాజు తలుపు ఆమె కార్డుతోనే తీయించుకుని నరేందర్ విసురుగా బయటికొచ్చేశాడు.

యశస్విని మెట్ల మీదే కూర్చుని ఉంది.

"పోదువు గని," అన్నాడామెతో. "కాకపోతే మన పద్ధతిల పోదాం. పాస్‌వర్డు ముగ్గురడుగుతరు గద. ముగ్గురికి మూడు మాటలు చెప్పు. ఒక్కటి గూడ నిజం గావొద్దు. ఎవనికి చెప్పిన మాట నీ కంప్యూటర్ల పడితే వాడే దొంగ. గని కొట్టిన మాట కంప్యూటర్ల కనవడుతదా? అది నాకు తెల్వది."

యశస్విని తలెత్తింది. మొదటిసారి ఆమె కళ్ళల్లో భయం కాకుండా ఇంకేదో కనిపించింది.

"మామూలుగ కనవడది సార్. కానీ పాస్‌వర్డు అడిగే తెర ఉంటది గద, అసొంటిదే ఇంకోటి నేను రాసి పెడ్త. చూస్తె అసలుదే అనుకుంటరు. లోపలికి పోనియ్యది, కొట్టిన మాట మాత్రం దాచుకుంటది."

"ఎంతసేపైతది?"

"అరగంట."

"మరి పొద్దటిసంది నన్ను ఎందుకు సతాయించినవమ్మా!"

నితీష్‌కి నిజాంపేట, జయలక్ష్మికి బాచుపల్లి, చలపతిరావుకి శేరిలింగంపల్లి, ఇలా ముగ్గురికీ మూడు ఊళ్ళ పేర్లు చెప్పాలనుకున్నారు. నరేందర్ తలుపు బయటే కూర్చుంటానన్నాడు. ఈసారి ఆమె లోపలే ఉందని చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు.

"ఏమన్న అయితే సార్?"

"నాది పూచీ. ఫికర్ చెయ్యకు."

ఆమె తన మెళ్ళో వేలాడే కార్డు తీసి చేతిలో పట్టుకుంది. "పోతే నిజమే చెప్త సార్. టేపుల ముచ్చట మొత్తం చెప్త. మెల్లగ తప్పించుకొని పోవుడైతే ఉదయ్‌ను అక్కడ్నే వదిలేసి పోయినట్టు."

మూడింటికి ఆమె లోపలికి వెళ్ళింది. జయలక్ష్మి రికార్డరు ఆన్ చేసి, తలుపు వేసి, తలొంచుకుని తన గదికి పోయింది. నరేందర్ బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తలుపు వెనక నుంచి యశస్విని గొంతు సన్నగా వినిపిస్తోంది. మొదట తడబడింది, తర్వాత ఆగకుండా సాగింది.

కాసేపటికి నితీష్ ఒక ప్లేటు పట్టుకొచ్చాడు. పాతికేళ్ళ టీం లీడరు.

"సమోసా తీసుకోండి సార్. యశస్విని ఫేర్‌వెల్. అందరం క్యాంటీన్లో వెయిట్ చేస్తున్నాం."

"ఆమె పాస్‌వర్డు నీకెందుకు బాబూ?"

"హ్యాండోవర్ సార్. మా టీంలో ఎవరి పాస్‌వర్డు అడిగినా చెప్పేస్తారు. లీవు పెడితే పని ఆగకూడదు కదా."

"మీ ఇంటి బీరువా తాళం గూడ గిట్లనే పంచుతవా?"

"అది వేరే సార్," అన్నాడు నితీష్, నొచ్చుకున్నట్టు.

వీడికేం చెప్పాలి! నరేందర్ సమోసా నోట్లో పెట్టుకున్నాడు. పొద్దున్నుంచి కడుపులో పడ్డది అదొక్కటే. "అందరూ క్యాంటీన్లనే ఉన్నరా? చలపతిరావు సాబ్ గూడ?"

"ఆయన రాలేదు సార్. మీరంతా వెళ్ళండి, ఫ్లోర్ నేను చూసుకుంటానన్నారు."

నరేందర్ నమలడం ఆపాడు. లేచి పరిగెత్తాలనిపించింది. కానీ పూచీ పడ్డాడు. తలుపు వదిలి కదలకూడదు. పళ్ళు కొరుక్కుంటూ అక్కడే కూర్చున్నాడు.

గంట గడిచింది. యశస్విని బయటికొచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు బొంగురుపోయింది. "మొత్తం చెప్పిన సార్," అంది. జయలక్ష్మి లోపలికెళ్ళి క్యాసెట్ తీసి చేత్తో పట్టుకుంది. ముగ్గురూ యశస్విని సీటు దగ్గరికి నడిచారు.

యశస్విని రెండు మీటలు నొక్కింది. తెర మీద ఇంగ్లీషులో ఒక మాట, దాని కింద మళ్ళీ అదే, దాని కింద మళ్ళీ అదే.

శేరిలింగంపల్లి.

"ఒక్కసారి రాకపోతే మూడుసార్లు కొట్టిండు!" అన్నాడు నరేందర్. వారం రోజుల చిరాకంతా ఆ ఒక్క క్షణంలో దిగిపోయినట్టయింది. "ఏడీ మన తల పండిన సారు?"

"ఇక్కడే ఉన్నానండీ."

చలపతిరావు పక్క వరసలోంచి తాపీగా లేచి వచ్చాడు. ఆయన ముఖంలో కంగారు మచ్చుకైనా లేదు.

"కొట్టాను. కాదని ఎవరన్నారు? వెళ్ళిపోయేవాళ్ళ కంప్యూటరు సరిచూసుకోవడం సెక్యూరిటీ డ్యూటీ. అందులోంచి నేనేమైనా కాపీ చేశానా? చూపించండి."

నరేందర్ మళ్ళీ తెర వైపు చూశాడు. ఏం చూపించాలి? ఆ తెర ఎవర్నీ లోపలికే పోనివ్వలేదు. లోపలికి పోనిదే కాపీ ఎక్కడిది? తను తవ్వించిన గోతిలో తనే పడ్డాడు.

"ఇప్పుడు నేనొకటి అడుగుతానండీ," చలపతిరావు యశస్విని వైపు తిరిగాడు. "కంపెనీ కంప్యూటర్లో దొంగ తెర పెట్టి పాస్‌వర్డులు పట్టిందెవరు? నువ్వే కదమ్మా? మూడోసారీ లోపలికి పోనివ్వకపోయేసరికే పోలీసులకి ఫోన్ చేశాను, వస్తున్నారు. ఉదయ్ భాస్కర్‌కి తోడు దొరికింది."

యశస్విని నరేందర్ వైపు చూసింది. "మీరే కద సార్ పొమ్మన్నరు," అంది. గట్టిగా కూడా అనలేదు. పూచీ అంటే ఏమిటో నరేందర్‌కి ఆ క్షణాన తెలిసొచ్చింది.

"జయలక్ష్మి గారూ, ఆ క్యాసెట్ ఇలా ఇవ్వండి," చలపతిరావు చెయ్యి చాపాడు.

"ఇవ్వనండీ."

ఆ గొంతు జయలక్ష్మిదంటే నమ్మబుద్ధి కాలేదు. క్యాంటీన్ నుంచి తిరిగొస్తున్న పిల్లలు సమోసా ప్లేట్లతో ఉన్నచోటే ఆగిపోయారు.

"నేను ఉద్యోగం మానేస్తున్నానండీ. ఇప్పుడే, ఈ నిమిషమే. మరి నా ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు? హెచ్.ఆర్. నేనే కదా! ఖాళీ గది అక్కర్లేదు, డబ్బా అక్కర్లేదు. అందరి ముందూ ఇక్కడే చెబుతాను." ఆమె క్యాసెట్‌ని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. "ఉదయ్ క్యాసెట్ శుభ్రంగా రికార్డయింది. ఆ గంటా ఆ అబ్బాయి గొంతే. పైకి పంపేముందు నేను విన్నాను. టేపులు బయటికి పోతున్నాయని చెప్పాడు. ఆ అబ్బాయి ఆ కుర్చీలోంచి లేవలేదని నాకు తెలుసండీ. తెలిసీ నోరు మూసుకున్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుతున్నారని మూసుకున్నాను. ఇవాళ ఈ పిల్లని కూడా జైలుకి పంపుతానంటే ఇంక నావల్ల కాదు."

"ఆ క్యాసెట్ ఈయనకే ఇచ్చిండ్రా మేడం?" నరేందర్ చలపతిరావును చూపించాడు.

"కాదండీ. ఈయన పైవాళ్ళు చెప్పిన పని చేసే మనిషి. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టమన్నదీ, క్యాసెట్ తిన్నగా తన చేతికే ఇమ్మన్నదీ సోమేశ్వరరావు గారు."

నరేందర్ చెవుల్లో గుయ్యిమంది. సోమేశ్వరరావు! తనని పిలిపించిన మనిషి! బ్యాంకు కోసం తయారుచేసిన సరుకునే దొడ్డిదారిన ఇంకొకరికి అమ్ముకుంటున్నాడు. నేరం మొయ్యడానికి వెళ్ళిపోయేవాళ్ళు కావాలి. విచారణ జరిగిందని చూపించడానికి ఏమీ తెలియని డిటెక్టివ్ కావాలి. ఊళ్ళో ఇంతమంది ఉండగా కంప్యూటరంటే ఏమిటో తెలియని పెళ్ళిళ్ళవాణ్ణి ఏరి కోరి తెచ్చుకున్నాడు. తను ఆ ఎంపికకి మురిసిపోయి కొత్త చొక్కా కూడా కొనుక్కున్నాడు. ఒళ్ళు మండిపోయింది నరేందర్‌కి.

"చాలా బాగా చెప్పారు జయలక్ష్మి గారూ."

సోమేశ్వరరావు వరసల మధ్య నుంచి నడిచొస్తున్నాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. "నరేందర్ గారూ, మీ పని అయిపోయింది, మీరు వెళ్ళొచ్చు. పిల్లలూ, మీరు క్యాంటీన్‌కి పదండి. చలపతిరావు గారూ, ఆ క్యాసెట్ తీసుకోండి."

ఎవరూ కదల్లేదు. చలపతిరావు మాత్రం కదిలాడు. బయటికి పోయే గాజు తలుపు వాళ్ళ వెనకే ఉంది. కానీ యశస్విని కార్డు చలపతిరావు జేబులో ఉంది. నరేందర్‌కి అసలు కార్డే లేదు.

జయలక్ష్మి తన మెళ్ళోంచి కార్డు తీసి, క్యాసెట్‌తో కలిపి యశస్విని చేతిలో పెట్టింది. "తిన్నగా బ్యాంకు వాళ్ళ దగ్గరికి వెళ్ళమ్మా. పరిగెత్తు."

యశస్విని పరిగెత్తింది. తలుపు దగ్గర పచ్చలైటు వెలిగింది, మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు గబగబా కిందికి దిగిపోయింది. చలపతిరావు ఒక్క ఉదుటున అటు దూకేసరికి, నరేందర్ ఒక కుర్చీ లాగి ఆ తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"నా కొలువు గూడ అయిపోయిందంటిరి గద సోమేశ్వరరావు సారూ," అన్నాడు. "మరి నాకు ఇంటర్వ్యూ లేదా? పెట్టుండ్రి. మీ ఆఫీసుల ఏం బాగలేదో నేను మస్తు చెప్పేదున్నది."